పొదుపు వేరు, పస్తు వేరు

మారిషస్ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే ఒకప్పుడు సినిమా పాటలే గుర్తొచ్చేవి. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, వెనకాల కొబ్బరిచెట్లు. ఇప్పుడు మాత్రం మా చెల్లెలి కొడుకు గుర్తొస్తాడు. వాడు 2018 నుంచి అక్కడ సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో వంటవాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని, చెన్నైలో రెండేళ్ళు పనిచేసి, అక్కడినుంచి విమానం ఎక్కాడు. మా చెల్లెలిది మర్రిపాడు వైపు మెట్ట ఊరు. బోరు ఎండిపోయి నిమ్మతోట చేతికి రాకుండా పోయాక వాళ్ళింటికి నెలనెలా గంజి పోసింది ఆ హోటల్ జీతమే. చిన్నదాని పెళ్ళి అప్పు కూడా దాంతోనే తీరుతోంది.

మా అమ్మాయి నెల్లూరులో డిగ్రీ చదువుతోంది. పర్యావరణం మీద ప్రాజెక్టు చేస్తూ సంక్రాంతికి ఇంటికొచ్చింది. చెల్లెలూ వచ్చింది. అరిసెలు వత్తుకుంటూ కూర్చున్నప్పుడు మాటల్లో మారిషస్ సంగతి వచ్చింది. మా అమ్మాయి ఉన్నమాట అనేసే రకం. "విమానాల్లో అంతంత దూరం పోయి సముద్రం చూసొచ్చే పనేముంది పిన్నీ? ఆ దీవులకి విమానాలు ఆపేస్తే సగం వేడి తగ్గుద్ది" అంది. మా చెల్లెలి చేతిలో పిండి ముద్ద అట్నే ఆగిపోయింది. "అట్నా తల్లీ! అయితే మీ అన్న వచ్చి మా మెట్టచేలో కంకర ఏరుకోవాలా?" అంది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేవు.

నేను మధ్యలో ఉన్నాను. ఇద్దరిలో ఎవరిదీ తప్పని అనలేను. బిడ్డ చెప్పింది లెక్క. చెల్లెలు చెప్పింది కూడా లెక్కే. ఒకటి గాలిది, ఇంకోటి కూటిది. పండగ అయిపోయాక మా అమ్మాయి కాగితాలు అడిగి తీసుకుని చదివాను. అర్థం కానిచోట మా వాడికి ఫోన్ చేశాను. అక్కడ మనకన్నా గంటన్నర వెనక కాబట్టి, వాడి డ్యూటీ అయ్యేసరికి మనకు అర్ధరాత్రి దగ్గరపడుతుంది. అయినా పెద్దమ్మ అడిగిందని విసుక్కోకుండా చెప్పాడు. ఇలా తెలుసుకున్నవే మీతో పంచుకుంటున్నాను.

ముందు ఆ దేశం ఎంతుంటుందో చెబుతాను. మన నెల్లూరు జిల్లాలో ఐదో వంతు ఉంటుందేమో. జనం పన్నెండు లక్షల పైచిలుకు. 2019లో ఆ దేశానికి వచ్చిన పర్యాటకులు సుమారు 13 లక్షల 80 వేలు. అంటే ఇంట్లో వాళ్ళకన్నా వచ్చిపోయే చుట్టాలే ఎక్కువ! హోటళ్ళు, టాక్సీలు, పడవలు, చేపలు పట్టేవాళ్ళు, పూలమ్మేవాళ్ళు, ఇలా ఊరంతా ఆ చుట్టాల మీదే బతుకుతుంది.

మనవాళ్ళకు ఆ దీవి కొత్తదేం కాదు. 1834 నుంచి చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి జనాన్ని ఓడల్లో తీసుకెళ్ళారు. దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారట. తెలుగువాళ్ళలో చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి ఓడెక్కారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. ఇప్పటికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బళ్ళల్లో తెలుగు చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. నేను బి.ఏ. తెలుగు చదివే రోజుల్లో ఆ సభల గురించి మా మాస్టారు గొప్పగా చెబుతుంటే, చెరకు కోసిన చేతులవాళ్ళ మనవళ్ళు సభ పెట్టారని ఒళ్ళు పులకరించేది.

ఆ చెరకు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు పత్రికల్లో కర్బన ఉద్గారాలు అని రాస్తుంటారు కదా. మన నిఘంటువుల్లో ఉద్గారం అంటే త్రేనుపు. చూడండి, ఎంత చక్కగా కుదిరిందో! తిన్నవాడికే త్రేనుపు వస్తుంది. బొగ్గు తిన్న యంత్రం, డీజిల్ తాగిన బండి వదిలే త్రేనుపులే భూమిని కప్పి వేడెక్కిస్తున్నాయి. మరి చుట్టం మనింటికొచ్చి తిని త్రేనిస్తే అది ఎవరి లెక్కలో రాయాలి? మారిషస్ కష్టమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మా వాడు పనిచేసే చోటు ఒక రోజు ఎలా ఉంటుందో చెప్పమన్నాను. "పెద్దమ్మా, పొద్దున నాలుగుకి బాయిలర్ మొదలవుద్ది. ఆరుకల్లా ఇడ్లీ నుంచి ఆమ్లెట్ దాకా అన్నీ రెడీ కావాల. ఏసీ ఎప్పుడూ ఆగదు. కొందరు వరండా తలుపు బార్లా తీసి, ఏసీ ఏసుకుని సముద్రం చూస్తా కూచుంటారు. దుప్పట్లు, తువ్వాళ్ళు రోజూ గుట్టలు గుట్టలు లాండ్రీకి పోతాయి. చెప్పలేం కదా, వాళ్ళు డబ్బులిచ్చారు" అన్నాడు. తినే సరుకూ అంతే. ఆ దేశం తినేదాంట్లో ముప్పాతిక భాగం బయటినుంచి వచ్చేదే. బియ్యం, గోధుమపిండి, పాలపొడి, మాంసం అన్నీ ఓడల్లో రావాలి. పెట్రోలు, డీజిల్ కూడా అంతే. చాలా ఏళ్ళు అవి మన మంగుళూరు రిఫైనరీ నుంచి వెళ్ళేవి.

కరెంటు చూస్తే, అయిదింట నాలుగు పాళ్ళు బయటినుంచి కొన్న నూనె, బొగ్గు కాల్చి తయారుచేసేదే. వాళ్ళకు డిసెంబరు, జనవరి నడి వేసవి. పర్యాటకులూ ఎక్కువగా వచ్చేది ఆ రోజుల్లోనే. అందరి ఏసీలూ ఒక్కసారే తిరుగుతాయి.

ఇవన్నీ కలిపినా చుట్టం వచ్చిన దారి ముందు చిన్నవే. అక్కడికి ఎక్కువమంది వచ్చేది ఫ్రాన్స్, బ్రిటన్, జర్మనీల నుంచి. పదకొండు, పన్నెండు గంటల ప్రయాణం. లండన్ నుంచి మారిషస్ వచ్చి తిరిగి వెళ్ళిన ఒక్క మనిషి వాటాకు రమారమి ఒకటిన్నర నుంచి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. టన్నులంటే మనకేం తెలుస్తుంది? అందుకని నేను మన సిలిండర్‌లోకి మార్చి చూశాను. 14.2 కిలోల గ్యాసు మొత్తం కాలితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 1700 కిలోలంటే నలభై సిలిండర్లు. మా ఇంట్లో నలుగురం, సిలిండర్ నలభై రోజులొస్తుంది, ఏడాదికి తొమ్మిది. అంటే మా నలుగురికి నాలుగేళ్ళకు పైగా మూడు పూటలా వండిపెట్టే గ్యాసు ఎంత పొగ ఇస్తుందో, ఒక మనిషి వారం సెలవుకు వచ్చిపోయిన ప్రయాణం అంత పొగ ఇస్తుంది. మన దేశంలో సగటున ఒక మనిషికి ఏడాది మొత్తానికి లెక్క తేలేది కూడా సుమారు రెండు టన్నులే.

ఇంకో విచిత్రం. ఈ విమానం పొగ మారిషస్ లెక్కలోనూ రాదు, ఫ్రాన్స్ లెక్కలోనూ రాదు. దేశాల మధ్య తిరిగే విమానాల పొగను ప్రతి దేశమూ విడిగా ఒక పక్కన రాస్తుంది గానీ, తగ్గిస్తామని చెప్పిన మొత్తంలో కలపదు. 1997లో క్యోటోలో ఒప్పందం రాసుకున్నప్పుడు దాన్ని అంతర్జాతీయ విమానయాన సంస్థకు అప్పజెప్పారు. అలా అది అందరి ముందూ ఉంది, ఎవరి పద్దులోనూ లేదు. ఉమ్మడి కుటుంబంలో వాకిట్లో బల్బు లాగా. అందరికీ వెలుగు కావాలి, బిల్లు దగ్గర మాత్రం అందరూ పక్కకు చూస్తారు.

ఇక్కడిదాకా చదివితే మా అమ్మాయి మాటే నిజమనిపిస్తుంది. ఆపేస్తే పోలా? కానీ ఆ పరీక్ష ఒకసారి నిజంగానే జరిగిపోయింది.

2020 మార్చిలో కరోనాకు మారిషస్ తలుపులు మూసుకుంది. పూర్తిగా తెరిచింది 2021 అక్టోబరులో. 13 లక్షల 80 వేల మంది వచ్చిన చోటికి 2020లో వచ్చింది మూడు లక్షల పైచిలుకు, వాళ్ళూ దాదాపు అందరూ తలుపులు మూయకముందు వచ్చినవాళ్ళే. విమానాల్లేవు, ఏసీల్లేవు, లాండ్రీ లేదు. గాలి లెక్క చూస్తే అంతకన్నా మంచి ఏడాది లేదు. ఇళ్ళల్లో? మా వాడు చెప్పాడు. వాడి ఓవర్‌టైము, టిప్పులు పోయాయి. జీతం సగానికి సగం తెగింది. పడవవాళ్ళు పడవలు ఒడ్డుకు లాగి కట్టేసి, పెరట్లో కూరగాయలు వేసుకున్నారు. మా చెల్లెలు ఆ ఏడాది పుస్తెల గొలుసు బ్యాంకులో పెట్టి వడ్డీ కట్టింది. ఇంటికి రమ్మంటే రావడానికి విమానమే లేదు. రాత్రి ఫోన్ చేసి "అన్నం తిన్నావారా" అని అడిగి, వాడు తిన్నానంటే నమ్మాలో వద్దో తెలియక ఏడ్చేది.

ఆడవాళ్ళం మనకు ఈ తేడా బాగా తెలుసు. గ్యాసు ఆదా కావాలని పప్పు నానబెట్టి కుక్కర్‌లో పెడతాం, నీళ్ళు మరగ్గానే మంట తగ్గిస్తాం, రెండు పూటలకూ ఒక్కసారే కూరగాయలు తరుగుతాం. అది పొదుపు. గ్యాసు ఆదా అవుతుందని పొయ్యే వెలిగించకపోతే దాన్ని పొదుపనరు, పస్తంటారు. పొగ రెండింట్లోనూ తగ్గుతుంది. పొదుపైతే ఇల్లు నిలబడుతుంది. పస్తుతో ఎన్నాళ్ళు నిలబడుతుంది? పస్తుతో తగ్గిన పొగ ఎలాగూ నిలవదు. ఆకలి మీదున్న మనిషి పొయ్యి దొరగ్గానే రెండింతలు వండుకుంటాడు. తలుపులు తెరిచాక మూడేళ్ళు తిరిగేసరికి పర్యాటకులు మళ్ళీ దాదాపు 2019 నాటి అంకెకు వచ్చేశారు.

ఆ 2020లోనే వాళ్ళకు ఇంకో దెబ్బ తగిలింది. జులై 25న వకాషియో అనే జపాను వాళ్ళ ఓడ దక్షిణం వైపు పగడపు దిబ్బ మీదికెక్కి ఇరుక్కుంది. ఆగస్టులో అది పగిలి వెయ్యి టన్నుల దాకా నూనె నీళ్ళల్లో కలిసింది. ఆ ఓడ వాళ్ళది కాదు. అయినా ఎవరో వచ్చేదాకా ఆగకుండా జనమే దిగారు. చెరకు సోగను గుడ్డ సంచుల్లో కుక్కి, పొడుగ్గా కుట్టి, నూనెకు అడ్డుకట్టలు వేశారు. జుట్టు నూనెను పట్టుకుంటుందని ఆడవాళ్ళు జడలు కత్తిరించి ఇచ్చారు. మనం తిరుపతిలో స్వామికి తలనీలాలిస్తాం. వాళ్ళు సముద్రానికిచ్చారు. ఇది చదివినప్పుడు మా అమ్మాయి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఆ దీవిలో వాళ్ళకు సముద్రమంటే చూసి పోయే బొమ్మ కాదు, కూడు పెట్టే అమ్మ.

మరి పొదుపు సంగతేంటి? వాళ్ళు చేస్తున్నది కొంత చెబుతాను.

చెరకు సంగతి మళ్ళీ వస్తానన్నాను కదా. మన తాతలను కూలికి తీసుకెళ్ళిన ఆ చెరకే ఇప్పుడు వాళ్ళకు దీపం. రసం తీశాక మిగిలిన పిప్పిని కాల్చి ఫ్యాక్టరీల్లో కరెంటు తీస్తారు, మిగిలింది ఊళ్ళకిస్తారు. చెరకు పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే కాలినప్పుడు తిరిగిస్తుంది కాబట్టి బొగ్గంత చెడ్డది కాదు. కానీ చెరకు నరికేది జూన్ నుంచి డిసెంబరు దాకానే. పిప్పి అయిపోయాక అదే బాయిలర్‌లో బొగ్గు వేస్తారు. ఇంకో చిక్కు, యూరప్ వాళ్ళు 2006 నుంచి చక్కెరకిచ్చే రేటు మూడో వంతుకు పైగా తగ్గించేశారు. గిట్టుబాటు కాక చాలామంది రైతులు చెరకు మానేశారు. చక్కెర ఫ్యాక్టరీలు మూడే మిగిలాయి. చెరకు పోయిన నేలలో కొంత విల్లాలుగా మారింది. అంటే చుట్టాల ఇళ్ళు పెరిగే కొద్దీ దీపానికి పిప్పి తగ్గుతోంది!

రోడ్ల మీద బండ్లు ఎక్కువని మెట్రో వేసుకున్నారు. మన దేశం డబ్బు సాయం చేసింది, కట్టింది మన ఎల్ అండ్ టీ వాళ్ళు. 2019లో మొదలై 2022కి రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ దాకా వెళ్ళింది. మా వాడు సెలవురోజున దాంట్లోనే ఊళ్ళోకి పోయి కూరగాయలు తెచ్చుకుంటాడు. 2016లో ప్లాస్టిక్ సంచులు ఆపారు, 2021లో ఒకసారి వాడి పారేసే ప్లేట్లు, స్పూన్లు ఆపారు. ఈ మాట చెప్పినప్పుడు మా చెల్లెలు నవ్వి, "మన ఉదయగిరి చెక్క గరిటెలు రెండు కట్టలు పంపిస్తే సరిపోయేది" అంది. నవ్వుకైనా ఆ మాట నిజమే కదా!

2030 నాటికి కరెంటులో 60 శాతం ఎండ, గాలి, పిప్పి లాంటివాటినుంచే రావాలని, బొగ్గు పూర్తిగా మానేయాలని, ఇప్పుడున్నట్టే సాగితే వచ్చే పొగలో 40 శాతం తగ్గించాలని 2021లో వాళ్ళు పెట్టుకున్న లెక్క. ఇప్పుడున్న చోటినుంచి చూస్తే అది చాలా దూరం. పక్కన ఇంకో రాష్ట్రం ఉండి, కరెంటు తక్కువైతే తీగ లాగి తెచ్చుకునే వీలు దీవికి లేదు. మబ్బు పట్టినా, గాలి ఆగినా వాళ్ళది వాళ్ళే చూసుకోవాలి. అందుకే బ్యాటరీలు పెట్టుకోవాలి, డబ్బు కావాలి.

డబ్బు చుట్టం ఇవ్వాలి. నాకు నచ్చిన సంగతి ఇది. 2025 అక్టోబరు నుంచి మారిషస్‌లో బస చేసే పర్యాటకుల దగ్గర రాత్రికి మూడు యూరోలు వసూలు చేస్తున్నారు. మన డబ్బుల్లో మూడొందలు. రాత్రికి పాతిక వేలు గదికిచ్చేవాళ్ళకు అదొక లెక్కా? కానీ పద్ధతి మొదలైంది. చుట్టాన్ని రావద్దనలేదు, చెంబు కడిగి పెట్టి పొమ్మన్నారు, అంతే.

నన్నడిగితే ఇంకో పద్ధతీ ఉంది. పొగంతా రాకపోకల్లోనే ఉన్నప్పుడు, ఏడాదికి మూడుసార్లు మూడేసి రోజులకు వచ్చే చుట్టం కన్నా, రెండేళ్ళకొకసారి వచ్చి మూడు వారాలుండే చుట్టం మేలు. విమానం పొగ ఆరోవంతుకు పడిపోతుంది. వాళ్ళున్న రాత్రులు ఇంకా ఎక్కువ. మా వాడి వంటింటికి పనీ తగ్గదు, టిప్పూ తగ్గదు. ఇదేమీ పెద్ద చదువుల లెక్క కాదు. పుట్టింటికి వారం వారం పోయొచ్చే ఖర్చు, వేసవిలో ఒక్కసారి పోయి నెల ఉండే ఖర్చు మనకు తెలియనివా?

ఇదంతా విన్నాక మా చెల్లెలు అడిగిన ప్రశ్న నాకు బాగా పట్టింది. "అక్కా, వాళ్ళు బొగ్గు మానేసి ఇంత కష్టపడితే సముద్రం చల్లబడుద్దా? మా వాడి ఉజ్జోగం నిలబడుద్దా?" అంది.

నిజం చెప్పాలి కదా. మారిషస్ మొత్తం వదిలే పొగ ప్రపంచంలో పదివేలలో ఒక వంతు. రేపొద్దున వాళ్ళు మొత్తం ఆపేసినా సముద్రానికి తెలియదు. కానీ సముద్రం వేడెక్కితే దెబ్బ ముందు తగిలేది వాళ్ళకే. నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబోయి చచ్చిపోతున్నాయి. ఆ పగడపు దిబ్బలే అలలను ఆపి ఒడ్డున ఇసుకను కాపాడేది. దిబ్బ పోతే ఇసుక పోతుంది, ఇసుక పోతే చుట్టం రాడు.

మన జిల్లా సంగతి కూడా చెప్పుకోవాలి. కృష్ణపట్నం దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఒక్కటే 2400 మెగావాట్లది. మారిషస్ దేశమంతా నడి వేసవిలో అన్ని ఏసీలూ వేసుకున్నా వాడేది 500 మెగావాట్ల పైమాట. అంటే ఆత్మకూరులో నా మిక్సీ తిరగడానికి మన జిల్లా ఒడ్డున కాలే బొగ్గుకూ, అక్కడ మా వాడి హోటల్ ముందు ఇసుకకూ సంబంధం ఉంది. ఇది తెలిశాక ఆ దీవి వాళ్ళదే బాధ్యతని వేలు చూపించడానికి నాకు చెయ్యి రాలేదు. ఎక్కువ కాల్చేవాళ్ళం మనమే. మనకన్నా మనిషికి రెండు మూడింతలు కాల్చేవాళ్ళు విమానాల్లో వచ్చేవాళ్ళు. తగ్గించే పని కూడా ఆ వరసలోనే మొదలవ్వాలి.

అందుకే చెల్లెలికి ఇలా చెప్పాను. "వాళ్ళు బొగ్గు మానేయడం వల్ల మన వాడి ఉద్యోగం పోదే. కొన్న బొగ్గు ఖర్చు వాళ్ళకే మిగులుద్ది. ఉద్యోగం పోయేది ఇసుక పోతే. ఆ ఇసుక వాళ్ళొక్కళ్ళ చేతిలో లేదు."

మా అమ్మాయి ప్రాజెక్టులో ఆఖరి పేజీ మార్చుకుంది. మొదట విమానాలు ఆపాలని రాసిందట. ఇప్పుడు విమానం పొగను ఎక్కిన దేశం, దిగిన దేశం చెరిసగం లెక్కలో రాసుకోవాలని రాసింది. వాళ్ళ మేడమ్ ఏమంటారో చూడాలి. వాళ్ళ పిన్నికి ఫోన్ చేసి చదివి వినిపించింది కూడా. మా చెల్లెలు అంతా విని, "బాగుందమ్మా, దాంట్లో వంటోళ్ళ జీతం సంగతి కూడా ఒక ముక్క రాయి" అందట. రాసిందట.

మీ ఇళ్ళల్లో పిల్లలు పెళ్ళయ్యాక మారిషస్ పోతాం, మాల్దీవులు పోతాం అంటే వద్దని గొడవ పెట్టుకోకండి. ఒక్కసారి పొమ్మనండి, నాలుగు రోజులు ఎక్కువ ఉండి రమ్మనండి. ఏసీ వేసుకున్నప్పుడు తలుపు మూయమనండి. తువ్వాలు రెండు రోజులు వాడమనండి. ఊళ్ళో చేపలకూర తినమనండి, ఎక్కడో గడ్డకట్టి ఓడలో వచ్చిన మాంసం కాకుండా. వంటింట్లో తెలుగు వినబడితే పలకరించమనండి. మా వాడు ఏప్రిల్‌లో మళ్ళీ మూడేళ్ళకు సంతకం పెట్టాడు.